ఎదురు బుట్ట

మా అత్తమ్మ అలమేలుగారికి రంగులరాట్నం అంటే గిట్టదు. ఈ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఎందుకంటే ఆవిడ ఇరవై ఏళ్లుగా రోజూ సాయంత్రం, రాట్నానికి నేరుగా ఎదురుగా ఉన్న రాతి బెంచీ మీద కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ ఆ మాట చెబుతూ వచ్చారు. గిట్టని వస్తువును అంత దగ్గర్నుంచి, అంత శ్రద్ధగా, అన్నేళ్లు చూసిన మనిషిని నేను ఇంకొకరిని ఎరగను.

"చూడు వత్సలా," అనేవారు. "ఆ ఆడమనిషి పైట ఎట్ల ఎగురుతాండాదో చూడు. ఇంగ కిందికి వచ్చేటప్పుడు అరుస్తాది చూడు."

ఆ ఆడమనిషి అరిచేది. సరిగ్గా అప్పుడే మా అత్తమ్మ చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకునేవి. పైనుంచి దిగేది ఆమె. బెంచీ అంచు పట్టుకునేది ఈవిడ.

ఆ రాట్నం ఉన్నది బోటు చెరువు పార్కులో, మా క్వార్టర్సు నుంచి నడిచిపోయేంత దూరంలో. బంగారు గనులు ఇంగ్లీషు కంపెనీ చేతుల్లో ఉన్న రోజుల్లో దొరలు ఈ చెరువులో తెరచాప పడవలు నడిపేవాళ్లట. మా ఊళ్లో గాలి ఎండాకాలంలో అసలు వీచదు. మరి తెరచాప ఎట్లా పని చేసిందని మా మామగారు శంకరనారాయణగారిని ఒకసారి అడిగాను. "దొర పడవలో కూర్చుని తెరచాప పట్టుకుంటాడు, గట్టు మీద నలుగురు తాడు పట్టుకుని లాగుతారు. అట్ల," అన్నారాయన.

గనులు సర్కారు చేతికి వచ్చాక దొరలు పోయారు, పడవలు మిగిలాయి. గని పనివాళ్ల పిల్లలకు వినోదం కావాలని వెల్ఫేరు కమిటీ ఒకటి తీర్మానం చేసింది. కమిటీ దగ్గర డబ్బు లేదు. కానీ గనుల్లో తుక్కు ఇనుముకు కొదవ లేదు. భూమి కింద రాయి మోసిన టబ్బులకు పచ్చరంగు వేసి, చెరువు చుట్టూ పట్టా పరిచి, బొమ్మ రైలు అన్నారు. ఎంత కడిగినా టబ్బుల మూలల్లో బూడిదరంగు దుమ్ము పోలేదు, ఎక్కిన ప్రతి పిల్లకూ లంగాకి అంటుకునేది. మొదటి ఏడాది ఆ లంగాలు ఉతికిన నీళ్లను పారబోసే ముందు వెలుతురులో పెట్టి చూసుకున్న తల్లులు చాలామంది ఉన్నారట. బంగారం ఏమీ కనబడలేదు. కనబడి ఉంటే మాత్రం ఎవరు చెబుతారు.

తర్వాత గుర్రాల రాట్నం. దానికి గుర్రాలు చెక్కింది లక్కూరు వడ్రంగి బచ్చప్ప. ఆయన అంతకుముందు బండ్లూ, జాత్రకు నందులూ తప్ప చెక్కి ఎరగడు. ఐదు గుర్రాలు ఎట్లాగో చెక్కాడు. ఆరోదానికి వచ్చేసరికి చెయ్యి మాట వినలేదు, కొమ్ములు పెట్టేశాడు. కమిటీవాళ్లు వద్దనబోయారు. ఈలోపల పిల్లలు దాని కోసమే కొట్టుకోవడం మొదలుపెట్టారు, ఇంక ఎవరూ ఏమీ అనలేదు. చెరువులో తెరచాపలు తీసేసి, పడవలకు రేకుతో మెడలు అతికించి, తొక్కే బాతు బోట్లు చేశారు. హంసలనే అనుకున్నారు కానీ మెడ పొట్టిదై బాతుల్లా కుదిరాయి.

వీటన్నిటి నడుమా పెద్ద రాట్నం. మూతబడిన ఒక గని షాఫ్టు బావి తలమీద తాడు తిప్పిన ఇనప చక్రాన్ని దింపి, దాన్నే మధ్యలో పెట్టి, చుట్టూ ఊచలు బిగించి, ఎనిమిది బుట్టలు వేలాడదీశారు. నడిపేదానికి పాపన్నను పెట్టారు. పాపన్న ముప్పై ఏళ్లు వైండింగ్ ఇంజను డ్రైవరు. అంటే మనుషులు ఎక్కిన కేజి అనే ఇనప బోనును తాడు మీద భూమిలోకి దించి, మళ్లీ పైకి లాగే మనిషి. "అప్పుడు దించినాను, ఇప్పుడు ఎక్కిస్తాండాను. చేసేది మాత్రం అదే పని," అనేవాడు.

నిజంగానే అదే పనిలా చేశాడు, అక్కడే వచ్చింది చిక్కంతా. గనుల్లో సెలవు తర్వాత మొదటిసారి కేజి నడిపితే అందులో మనుషులు ఎక్కకూడదు, ఇసుక మూటలు ఎక్కాలి. పాపన్న పార్కులోనూ రోజూ మొదటి చుట్టు ఇసుక మూటలనే తిప్పేవాడు. బయటి ఊర్ల నుంచి వచ్చినవాళ్లు టికెట్టు చేతిలో పట్టుకుని, గోనెసంచులు గాల్లో విహరించడం నోరు తెరుచుకుని చూసేవాళ్లు. అదొక్కటే కాదు. షాఫ్టులో ఒక కేజి దిగితే ఇంకొకటి ఎక్కుతుంది, ఈ పక్క బరువుకు ఆ పక్క బరువు ఉండాలి. అందుకని రాట్నం మీద ఎవరు కూర్చున్నా, సరిగ్గా అంతే బరువు ఎదురు బుట్టలో పెట్టాల్సిందే. మనిషిని ఎగాదిగా చూసి బరువు ఎంతో చెప్పేవాడు. మూటల లెక్కన. గట్టిగా. ఇంజను పక్కన బతుకంతా నిలబడ్డవాడికి మెల్లగా మాట్లాడటం రాదు.

"ఈయమ్మ ఒకటింకాలు!" అని, అంటే ఒకటీ పావు మూట అని, అరిస్తే చెరువు అవతలి గట్టుకు వినబడేది.

కొన్నాళ్లకు మా ఊళ్లో మూట అనేది ఒక కొలత అయి కూర్చుంది. సంబంధాలు చూసేవాళ్లు "పిల్ల ఒక మూటకి మించదు" అని చెప్పేవాళ్లు. పుట్టింటి నుంచి కాన్పయి వచ్చిన కోడల్ని "పావు మూట ఒళ్లు చేసినావే" అని పలకరించేవాళ్లు.

పార్కు తెరిచిన రోజు మొదటి వరసలో నిలబడింది మహిళా సమాజం అధ్యక్షురాలైన మా అత్తమ్మ. పట్టుచీర, వడ్డాణం, జడకుచ్చులు. ఊరంతా చూస్తూ ఉంది. పాపన్న ఆవిడను తల నుంచి కాళ్లదాకా చూసి, గుండెల నిండా ఊపిరి పీల్చుకుని అరిచాడు.

"ఈ అమ్మగారికి రెండు మూటలు!"

రెండు మూటలూ ఎదురు బుట్టలోకి ఎక్కాయి. అత్తమ్మ ఎక్కలేదు. తలనొప్పి అని చెప్పి ఇంటికి వచ్చేశారు. మరుసటి వారం సమాజం మీటింగులో, సంసారపు ఆడవాళ్లు రాట్నం ఎక్కడం శోభించదని తీర్మానం అయింది. ఆ తర్వాత మా వీధి ఆడవాళ్లెవరూ రాట్నం ఎక్కలేదు. నేను బి.ఏ. పాసై, ఈ ఇంటికి కోడలిగా వచ్చి, ఏ తీర్మానం మీదా సంతకం పెట్టకుండానే ఎక్కనివాళ్లలో చేరిపోయాను.

ఇదంతా అట్లాగే నడిచిపోయేదేమో. రాట్నం పెట్టి ఇరవై ఏళ్లయిన ఏడు పార్కును జయరాం అనే కాంట్రాక్టరు గుత్తకు తీసుకున్నాడు. మామిడి సీజను అయిపోగానే పాత రాట్నం విప్పేసి, ఆ చోట కొలంబస్సు పెడతానన్నాడు. కొలంబస్సు అంటే ఉయ్యాల మాదిరి ఇటూ అటూ ఊగే పెద్ద పడవ.

"పోనీ, పీడా పోతాది," అన్నారు అత్తమ్మ. ఆ రోజు ముద్ద సగం వదిలేశారు. కాసేపటికి, గోడ వైపు చూస్తూ, "వత్సలా, ఆ పై బుట్టలో నుంచి చూస్తే మన నీళ్ల టాంకు కనిపిస్తాదంటావా?" అన్నారు.

"ఎవరైనా అన్నారా అత్తమ్మా?"

"ఎవురూ అనలేదు. సుమ్నే అడిగినాను."

ఆవిడ ఊరికే ఏదీ అడగరు. నేను మరుసటి రోజు నుంచి పని మొదలుపెట్టాను. పైగాలి మోకాళ్లనొప్పికి మంచిదని పత్రికలో వేశారన్నాను. "ఏ పత్రిక, చూపించు," అన్నారు. చివరి రోజుల్లో సమాజం తరఫున ఎవరైనా ఒకసారి పరీక్షగా చూసి రావాలేమో అన్నాను. "ఈన్నుంచే పరీక్షగా కనిపిస్తాండాది," అన్నారు. ఆఖరికి పాపన్న దగ్గరకే పోయాను.

పాపన్న ఖాళీ గోనెసంచులు మడత పెడుతున్నాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. జయరాం మనుషులు కొలంబస్సు పునాదికి సిమెంటు కలుపుతూ, చేతికి అందిన ఇసుక మూటలన్నీ విప్పి పోసేసుకున్నారట.

"ఇరవై ఏండ్లు రాట్నం తిరిగిన మూటలమ్మా," అన్నాడు. "మనిషి కూడా అంత తిరిగుండడు."

"పాపన్నా, మీరు మనుషుల బరువు గట్టిగా అరవల్లనా?" అని అడిగాను.

"ఏమి?" అని చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"బరువు గట్టిగా అరవల్లనా అంటాండాను!" అని నేనే అరిచాను. గుర్రాల మీది పిల్లలంతా తిరిగి చూశారు.

"గట్టిగా యాడ అరిచినానమ్మా, మామూలుగా చెప్తాండాను," అన్నాడు పాపన్న, నొచ్చుకున్నట్టు.

మా అత్తమ్మ సంగతి చెప్పాను. ఆయనకు ఆ పట్టుచీర రోజు బాగా గుర్తుంది. కానీ దాని వల్ల ఒక వీధికి వీధే రాట్నం మానేసిందని ఆయనకు ఈ రోజుదాకా తెలియదు. క్వార్టర్సు ఆడవాళ్లకు తల తిరుగుతుందేమో అనుకున్నాడట.

"బరువు చెప్పకుండా ఎదురు బరువు ఎట్ల పెట్టేదమ్మా?"

"ఆమెకి బరువు పెట్టొద్దు. ఆమెనే బరువుగా పెట్టండి. ఎవరైనా లావు మనిషి వస్తే, మూటలు లేవు, ఎదురు బుట్టకి మనిషి కావల్ల అనండి."

"అమ్మగారిని మూట మాదిరి పెట్టేదా?"

"మూటని సరదాకి ఎక్కించినారని ఎవరైనా అంటారా? పనికి ఎక్కించినారంటారు. మా అత్తమ్మకి ఆ మాట చాలు."

పాపన్న చేతిలో సంచి మడిచి గుట్ట మీద వేశాడు. "కుదిరే మనిషి రావల్లమ్మా," అన్నాడు.

కుదిరే మనిషి రాలేదు. రోజూ ఈనెపుల్లల్లాంటి వాళ్లే వచ్చారు. లేదంటే జంటలుగా వచ్చి, వాళ్లకు వాళ్లే సరితూగి పోయారు. తోటల్లో కాయ తగ్గుతూ వచ్చింది. శ్రీనివాసపురం నుంచి వచ్చే మామిడి లారీలు పలచబడ్డాయి. జయరాం మనుషులు పార్కులో సగం బొమ్మ రైలు పట్టా అప్పుడే పీకేశారు. నాకు బెంగ పట్టుకుంది.

అట్లాంటి ఒక మంగళవారం సాయంత్రం, పార్కులో పట్టుమని పదిమంది లేరు, గేటులో నుంచి జయలక్ష్మమ్మ వచ్చింది. శ్రీనివాసపురంలో మామిడి తోటలున్న మనిషి. ఆమె సరుకు లారీ మా ఊరి దగ్గర పంక్చరయితే, అతుకు వేసేలోపల చెరువు చూద్దామని నడిచి వచ్చిందట. రెండు పక్కలా ముక్కుబేసర్లు, చంకలో గొడుగు. నేరుగా రాట్నం దగ్గరకు వచ్చింది.

"ఏమప్పా, ఇది తిరుగుతాదా, సుమ్నే చూసేదానికి పెట్టినారా?"

పాపన్న ఆమెను తల నుంచి కాళ్లదాకా చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి.

"ఈయమ్మ రెండు మూటలు!"

బెంచీ మీద మా అత్తమ్మ ఉలిక్కిపడి, తలకొంగు సర్దుకున్నారు.

"ఏం మూటలు?" అంది జయలక్ష్మమ్మ.

"ఇసుక మూటలమ్మా. మీ బరువు."

"రెండేనా? బాగా చూడప్పా. పోయిన ఏటికన్నా ఈ ఏడు కాపు బాగుండాది," అని ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది.

మా అత్తమ్మ నోరు కొంచెం తెరుచుకుని, అట్లాగే ఉండిపోయారు.

"మూటలు లేవమ్మా," అన్నాడు పాపన్న, నా వైపు చూడకుండా. "ఎదురు బుట్టలో మనిషి కూర్చుంటేనే తిప్పేది."

నేను ముందుకు వచ్చాను. "నేను కూర్చుంటాను."

"నువ్వు మూటకి తక్కువమ్మా. నువ్వెక్కితే ఈయమ్మ కిందనే ఉంటాది, నువ్వు పైనే ఉంటావు."

వేరుశెనక్కాయలు అమ్మే ఆమెను పిలిచాం. "నేనొస్తే నా కాయలు కోతులకా?" అని ఆమె కదల్లేదు. జయలక్ష్మమ్మ అటూ ఇటూ చూసి, బెంచీ వైపు తిరిగింది.

"అక్కా! రాక్కా, ఒక్క చుట్టు!"

"నేనా? నేను రాట్నం ఎక్కే మనిషిని కాదమ్మా."

"నువ్వు ఎక్కొద్దక్కా. నువ్వు సుమ్నే కూర్చో. ఎక్కేది నేను."

అత్తమ్మ నా వైపు చూశారు. నేను తల అడ్డంగా ఊపాను.

"వద్దులే అత్తమ్మా. పాపం ఆయమ్మ అంత దూరం నుంచి వచ్చి, ఊరికే వెనక్కి పోతుంది. పోనీ, మనకేం?"

"మనకేం అంటే ఎట్ల? ఇంటికి వచ్చిన మనిషి."

"ఇది ఇల్లు కాదు కదా."

"ఊరు కదా!" అని లేచారు అత్తమ్మ. చెయ్యిసంచి చంకలో పెట్టుకుని, సమాజం మీటింగుకు పోయే నడకతో రాట్నం దాకా నడిచారు. "చూడు పాపన్నా, నేను సరదాకి ఎక్కలేదు. ఈయమ్మ కోసరం ఎక్కుతాండాను. నువ్వు ఏమీ చెప్పే పని లేదు."

పాపన్న ఏమీ చెప్పలేదు. చెప్పకుండా ఉండటానికి ఆయన మెడనరాలు పడ్డ పాట్లు నేను చూశాను.

రాట్నం కదిలింది. మొదటి చుట్టులో అత్తమ్మ కళ్లు మూసుకుని, వేదిక మీద కూర్చున్నట్టు నిటారుగా కూర్చున్నారు. రెండో చుట్టులో ఒక కన్ను తెరిచారు. ఎదురు బుట్టల్లో ఉన్న మనుషులు ఎప్పుడూ కలుసుకోలేరు. ఒకరు పైకి పోతే ఇంకొకరు కిందికి. కానీ ప్రతి చుట్టులో రెండుసార్లు, నడిమధ్యన, ఒకే ఎత్తుకు వస్తారు.

"అక్కా! ఎట్లుండాది?" అని అరిచింది జయలక్ష్మమ్మ, అట్లా ఎదురైనప్పుడు.

"బాగుం..." అని మా అత్తమ్మ పైకి పోయారు. మళ్లీ ఎదురైనప్పుడు "...డాది!" అన్నారు.

ఇంకో రెండు చుట్లు తిరిగిందో లేదో, అత్తమ్మ బుట్ట సరిగ్గా శిఖరానికి చేరేసరికి కరెంటు పోయింది. స్పీకరులో పాట ఆగింది. గుర్రాలు ఆగాయి. రాట్నం ఒక్క మూలుగు మూలిగి నిలబడింది. పాపన్న బ్రేకు పట్టుకున్నాడు.

 ఇప్పుడు ఆవిడ కేక వేస్తారు, ఊరు పోగవుతుంది, ఇంకో ఇరవై ఏళ్లకు తీర్మానం అవుతుంది అనుకున్నాను.  అంతలో పైనుంచి కేక వినబడింది.

"వత్సలా! టాంకు కనిపిస్తాండాది!"

"అట్లనా అత్తమ్మా!"

"టాంకే కాదు, మన మిద్దె కనిపిస్తాండాది. మిద్దె మీద వడియాలు కనిపిస్తాండాయి. కాకి వాలింది. నువ్వు నల్లగుడ్డ కట్టలేదు!"

"కట్టినాను!"

"కట్టలేదు! ఈడికి కనిపిస్తాండాది కదా!"

అత్తమ్మ ఇంక ఆగలేదు. గనుల షాఫ్టులు వరసగా కనిపిస్తున్నాయట. బంగారం తీసేసిన రాతిపొడి పోసిన సయనైడు దిబ్బలు ఈన్నుంచి చూస్తే పిండి రాశుల మాదిరి ఉన్నాయట. సమాజం సెక్రటరీ నాగరత్నగారు వంటింటి వెనక నిలబడి ఏదో తింటున్నారట, ఈ పొద్దు ఏకాదశి ఉపవాసం అన్న మనిషి. ఆ మాటకు గేటు దగ్గర నిలబడ్డ వాళ్లు లోపలికి వచ్చేశారు. బస్సు దిగినవాళ్లూ వచ్చారు. కింద బుట్టలో జయలక్ష్మమ్మ మెడ పైకెత్తి, "ఇంగ యాడ ఏం కనిపిస్తాండాదక్కా?" అని అడుగుతూ ఉంది.

"చెరువు కనిపిస్తాండాది. బాతు బోటు ఒకటి... వత్సలా, ఆ బోటులో ఒక్కడే తొక్కేది మన శ్రీధర మాదిరి ఉండాడే?"

శ్రీధర నా భర్త. గనుల ఆఫీసులో అకౌంట్సు. మంగళవారం మంగళవారం ఆయనకు ఆడిట్ మీటింగు ఉంటుంది. మంగళవారం మంగళవారం ఆయన ప్యాంటు మడతలు తడిసి వస్తాయి. కొన్ని ఆఫీసుల్లో ఆడిట్ తడిగానే ఉంటుందేమో అని నేను ఎప్పుడూ అడగలేదు.

"ఒరే శ్రీధరా!"

ఆ పిలుపు నీళ్ల మీదుగా పోయి బాతుకు తగిలింది. బాతు గిర్రున తిరిగింది. మా ఆయన రేకు మెడ వెనక దాక్కోవడానికి ప్రయత్నించాడు. మెడ పొట్టిది, ఆయన పొడుగు.

సరిగ్గా అప్పుడు గేటు బయట లారీ హారను మోగింది. డ్రైవరు సొన్నప్ప పంక్చరు వేయించుకుని వచ్చేశాడు. "అమ్మా, పోదాం రా! పొద్దుపోతే మండీలో కాయ దించుకోరు!" అని లోపలికి వచ్చాడు.

"దిగుతాండాను," అని లేవబోయింది జయలక్ష్మమ్మ.

"దిగొద్దు!" అని పాపన్న అరిచిన అరుపుకు సొన్నప్ప కూడా కూర్చున్నాడు. "నువ్వు దిగితే పైన ఉండే అమ్మ ఒక్క ఊపున కిందికి వచ్చేస్తాది."

"బ్రేకు ఉండాది కదప్పా?"

"ఉండాది. అది కూడా నా మాదిరి రిటైరు కావల్లని చూస్తాండాది."

పోనీ చేత్తో తిప్పి అత్తమ్మను కిందికి తెస్తే జయలక్ష్మమ్మ పైకి పోతుంది. అత్తమ్మ దిగిపోతే ఆమె పైనుంచి జారుతుంది. ఏ పక్క నుంచి చూసినా ఒకరు గాల్లోనే. సొన్నప్ప పోయి మళ్లీ హారను కొట్టాడు. జయలక్ష్మమ్మ కళ్లలో మొదటిసారి దిగులు కనబడింది.

"నా కాయలంతా పండిపోతాయే!"

"లారీలో గంపలు ఉండాయి కదమ్మా!" అని పైనుంచి అత్తమ్మ గొంతు. "నీ బదులు గంపలు పెట్టమను!"

అందరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. సొన్నప్పా, బస్సు దిగిన ఇద్దరూ లారీ వైపు పరుగెత్తారు. పాపన్న ఒక గంపను ఎత్తి చూసి, "గంప అర మూట," అన్నాడు.

"మరి ఎన్ని గంపలు పెట్టేది?" అన్నాడు సొన్నప్ప.

పాపన్న నోరు తెరిచాడు. మూశాడు. నా వైపు చూశాడు. పైన ఉన్న మనిషి బరువెంతో చెప్తే తప్ప గంపల లెక్క తేలదు. ఏమీ చెప్పకు అని ఆ మనిషే చెప్పి ఉంది. చుట్టూ ఇప్పుడు బాగానే జనం. గేటులోంచి సమాజం ఆడవాళ్లు నలుగురు వస్తున్నారు. అందరూ పైకి చూస్తున్నారు. పట్టుచీర రోజున నిలబడ్డట్టే ఊరు నిలబడి ఉంది.

అత్తమ్మ పైనుంచి అందర్నీ చూశారు. ఒక్కొక్కరినీ చూశారనుకుంటాను, అంతసేపు పట్టింది.

"ఏమప్పా పాపన్నా, గమ్మున ఉండావు?"

"మీరే కదమ్మా చెప్పొద్దంటిరి!"

"అయితే నేనే చెప్తాను. అందరూ వినండి. రెండు మూటలు! ఆ పొద్దు నువ్వే అరిచినావు కదా. రెండు మూటలకి నాలుగు గంపలు. పెట్టు, ఆయమ్మకి పొద్దుపోతాది!"

ఒక్కరూ నవ్వలేదు. పాపన్న మాత్రం, ఎప్పట్నుంచో బిగబట్టిన ఊపిరంతా వదిలి, అవతలి గట్టు అదిరేటట్టు అరిచాడు.

"రెండు ఎప్పుడో అమ్మా! అది పట్టుచీర, వడ్డాణంతో కలిపి! ఇప్పుడు ఒకటిన్నరే! మూడు గంపలే!"

అత్తమ్మ బుట్ట అంచు మీద నుంచి కిందికి వంగారు.

"పాపన్నా."

"అమ్మా."

"ఈడికి సరిగ్గా వినబడలేదు. ఇంగోసారి చెప్పు."

"ఒకటిన్నర!" అన్నాడు పాపన్న. ఈసారి జనమంతా నవ్వారు. అందరికన్నా గట్టిగా పైనుంచి వినబడింది నవ్వు.

మూడు గంపలూ ఒక్కొక్కటిగా లోపల పెడుతూ, జయలక్ష్మమ్మను మెల్లగా దించారు. ఆమె నేల మీద కాళ్లు పెట్టగానే నడుం మీద చెయ్యి వేసింది. "ఏమప్పా, నేను రెండు మూటలు. ఆయమ్మ ఒకటిన్నర. మరి నాకి ఆయమ్మ ఎదురు బరువు ఎట్లయింది?"

పాపన్న నా వైపు చూశాడు. నేను చెరువు వైపు చూశాను. బాతు గట్టుకు చేరింది, మా ఆయన బూట్లు చేత పట్టుకుని వస్తున్నాడు.

"ఏమండీ, ఆడిట్ అయిందా?" అన్నాను.

ఆయన నేరుగా పోయి రాట్నం ఊచ పట్టుకున్నాడు. ఆయనా, సొన్నప్పా, బస్సువాళ్లూ కలిసి చేత్తో తిప్పారు. అత్తమ్మ బుట్ట మెల్లగా కిందికి వచ్చింది, మామిడికాయలు మెల్లగా పైకి పోయాయి. ఆవిడ కాళ్లు నేలకు అందే ఎత్తుకు రాగానే కరెంటు వచ్చింది, పాట ఆగిన చోటు నుంచి మొదలైంది.

"దిగండమ్మా," అన్నాడు పాపన్న, చెయ్యి అందిస్తూ.

అత్తమ్మ కదల్లేదు. తల ఎత్తి పైకి చూశారు. "ఆ కాయలు పైన ఉండాయి కదప్పా?"

"ఉండాయమ్మా."

"అవి దిగల్లంటే నేను ఎక్కల్ల కదా?"

పాపన్న బ్రేకు మీద చెయ్యి వేశాడు. "రూలు ప్రకారం అంతేనమ్మా."

"మరి తిప్పు. పాపం, ఆయమ్మ కాయలు."

జయలక్ష్మమ్మ సొన్నప్ప వైపు చెయ్యి ఊపి, "ఆగప్పా, హారను కొట్టొద్దు. అక్క తిరగనీ," అని బెంచీ మీద కూర్చుంది. కాయలు దిగడానికి చాలా చుట్లే పట్టింది.

ఆ రోజు ఇంట్లో అన్నానికి కూర్చున్నప్పుడు అత్తమ్మ కొడుకు వైపు చూడకుండా అడిగారు. "ఒరే, ఆ బాతు తొక్కేదానికి కష్టమా?"

"లేదమ్మా. సైకిలు మాదిరే," అన్నాడు ఆయన, కంచంలోకి చూస్తూ.

 తర్వాత అత్తమ్మ నాకు ఒక్క మాట చెప్పారు. "మీ పాపన్నకి ఒకటిన్నర అంటే ఎంతో, రెండంటే ఎంతో బాగా తెలుసు. ఆయన్ని ఎవురో చెడిపినారు." ఆ చెప్పడం చెబుతూనే నా కంచంలో ఇంకో ముద్ద పెట్టారు. "తిను. మూటకి తక్కువంట."

ఆ తర్వాత సీజను అయిపోయేదాకా మా వీధి ఆడవాళ్లు రోజూ పార్కుకు వచ్చారు. సరదాకి ఒక్కరూ రాలేదు. అందరూ ఎదురు బుట్టలో ఎవరికో ఒకరికి సాయానికే వచ్చారు. నాగరత్నగారు నాకు బరువుగా, నేను నాగరత్నగారికి బరువుగా చాలా చుట్లు తిరిగాం. ఎవరు ఎవరికి సాయం చేస్తున్నామో పాపన్న అడగలేదు. బరువులు మాత్రం మామూలుగానే అరిచాడు. ఎవరికీ తలనొప్పి రాలేదు.

ఆఖరికి రాట్నాన్ని విప్పారు. మధ్యలోని ఇనప చక్రాన్ని నలుగురు దొర్లించుకుంటూ పోతుంటే, పాపన్న పక్కనే నడుస్తూ దారి చెప్పాడు. తర్వాత కొలంబస్సు వచ్చింది. ఎర్రరంగు, పచ్చరంగు, ముందు భాగాన సింహం తల. జయరాం పాపన్నను దాని దగ్గర కూడా పెట్టుకున్నాడు.

మొదటి సాయంత్రమే అత్తమ్మ బెంచీ మీద కూర్చుని, "చూడు వత్సలా, ఎట్ల అరుస్తాండారో. ఇది నాకు బొత్తిగా గిట్టలేదు," అన్నారు. పడవ ఒక పక్క ఎత్తుకు లేచి, కిందికి జారింది. చెప్పుల్లో కాలివేళ్లు ముడుచుకున్నాయి.

కొంతసేపటికి, చెరువు వైపు చూస్తూ అడిగారు. "దీనికి ఎదురు బరువు ఏమైనా కావల్లనా?"

"అక్కర్లేదంట అత్తమ్మా. పాపన్నను నేను అప్పుడే అడిగినాను."

అత్తమ్మ చెయ్యిసంచి ఒళ్లోకి తీసుకున్నారు. పడవ ఇటు ఊగింది, అటు ఊగింది.

"మరి ఏం చెప్పి ఎక్కేది?" అన్నారు.